కర్సియాంగ్ నుంచి లిలువాకి: పెద్దమ్మ కోసం ఒక పగలంతా

కర్సియాంగ్ నుంచి కలకత్తాకి ఒక్కరే ఒక్క రోజులో కారు నడపవచ్చా అని అడిగేవాళ్ళకి నా జవాబు, నడపవచ్చు. నేను నడిపాను. ఆఫీసుకి సెలవు పెట్టి కొండ మీద హాయిగా ఉందామని వెళ్ళాను. రెండో రోజు సాయంత్రం కలకత్తా పక్కనున్న లిలువా నుంచి అన్నయ్య ఫోన్ చేశాడు, పెద్దమ్మ పోయిందని. రైల్వే క్వార్టర్సు పిల్లలందరికీ తెలుగు అక్షరాలు దిద్దించిన మనిషి ఆవిడ. మిగతావాళ్ళంతా మర్చిపోయారు, చదవగలిగేది నేనొక్కదాన్నే. మా సంఘంలో శవపేటిక మూసేముందు ఇంట్లోవాళ్ళొకరు బైబిలు వాక్యం చదువుతారు. "నాకు నువ్వే సదవాలే, తెలుగులోన" అని ఆవిడ నా దగ్గర మాట తీసుకుంది.

రైలుకీ విమానానికీ సీట్లు దొరకలేదు. తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరాను. రోహిణి రోడ్డు మలుపులు మంచులో జాగ్రత్తగా దిగితే గంటన్నరలో సిలిగురి. అక్కడే ట్యాంకు నింపించుకోండి. ఆ తర్వాత అంతా చదును నేల, ఆవాల చేలు, డాల్‌ఖోలా దగ్గర కదలని లారీలు. అక్కడ ఆగి అన్నయ్యకి ఫోన్ చేస్తే వెనక సంఘంవాళ్ళ పాటలు వినిపించాయి.

"ఏటే, ఎందాకొచ్చావు? ఐసు పెట్టించాం. రేపు పొద్దున్నేగాని తియ్యం. నెమ్మదిగా రా."

మాల్దా దాటాక ఒక ధాబాలో అన్నం, పప్పు, చేపల పులుసు నూట నలభై రూపాయలు. "ఒక్కరే వెళ్తున్నారా దీదీ? ఫరక్కా వంతెన మీద తొందరపడకండి" అన్నాడు వడ్డించే ఆయన. మళ్ళీ ఫోన్ చేశాను. ఈసారి పాటల్లేవు. "అందరూ అలిసిపోయారే. నువ్వు కంగారు పడకు" అన్నాడు అన్నయ్య. నమ్మాను. బహరంపూర్, కృష్ణనగర్ దాటుతూ వాక్యం పైకి చదువుకుంటూ వచ్చాను, ఎక్కడా తడబడకూడదని.

బాలీ వంతెన దాటి లిలువా చేరేసరికి రాత్రి ఎనిమిది. గుమ్మం ముందు కుర్చీలు ఒకదానిమీదొకటి పేర్చి ఉన్నాయి. పెద్దమ్మ లేదు. మధ్యాహ్నం పన్నెండింటికే సమాధి చేసేశారట. ఐసు మాట అబద్ధం. మా పాస్టరు ఊళ్ళో లేకపోతే వేరే ఆయన వచ్చి వాక్యం హిందీలో చదివేశారట.

"సెప్తే కొండల్లోన బండి అదరాబాదరా తోలేస్తావని బయమేసిందే" అన్నాడు అన్నయ్య తల దించుకుని.

"కొండలు పొద్దున్నే దిగిపోయాను అన్నయ్యా. మాల్దాలో కొండలెక్కడున్నాయి?"

నాకు ఒళ్ళు మండిపోయింది, ఇప్పటికీ మండుతోంది. నా ప్రాణానికి భయపడే చేశారని తెలుసు, అందుకే గట్టిగా తిట్టడానికి కూడా లేదు. మర్నాడు పొద్దున్నే శ్మశానానికి వెళ్ళి, వాక్యం ఒక్క తప్పు లేకుండా తడి మట్టికి చదివి వచ్చాను. ఈ దారిన మీరూ ఇలాంటి పనిమీదే రావలసి వస్తే నేను చెప్పేది ఒక్కటే: ఆగినచోటల్లా మామూలు ఫోన్ చేయకండి. వీడియో కాల్ చేసి, పోయిన మనిషిని చూపించమనండి.