ఇల్మా అత్త పట్టిన దొంగలు

ఇల్మా అత్త ఎవర్నీ నమ్మదు. చలి కొలవడానికి గుమ్మం పక్కన రెండు థర్మామీటర్లు తగిలించింది, ఒకటి అబద్ధం చెబితే రెండోది పట్టిస్తుందని. రెండూ ఒకే అంకె చూపించిన రోజున, రెండూ కూడబలుక్కున్నాయని అనుమానించింది. పోయిన ఆదివారం ఎక్కడున్నారని మా పాస్టరు గారినే నిలదీసింది. ఆ ఆదివారం ఆయన చర్చిలో ప్రసంగిస్తుంటే మూడో బెంచీలో కూర్చుని విన్నది తనే.

ఇనారి సరస్సు ఒడ్డున మా ఊళ్ళో ఎవరు ఎదురుపడినా అత్తకు సంజాయిషీ ఇచ్చుకోవాల్సిందే. అదీ మా తాతల నాటి సామీ భాషలోనే. దేశమంతా మాట్లాడే ఫిన్నిష్‌లో చెప్పింది చెల్లదు. ఒకసారి దుకాణంలో నన్ను ఆపి, నిన్న ఎక్కడికి పోయావని అడిగింది. వలలు తీయడానికి వెళ్ళామని ఫిన్నిష్‌లో చెప్పాను.

"వెళ్ళామంటే ఎంతమందిరా?"

"మేమే అత్తా."

"ఆ మేములో ఇద్దరూ దాక్కోవచ్చు, ఇరవైమందీ దాక్కోవచ్చు. దొంగలకు పనికొచ్చే మాట అది. మన మాటలో చెప్పు, యోవ్నీ."

మా భాషలో ఇద్దరమైతే మువొయ్, అంతకు మించితే మియ్. తప్పించుకోవడానికి సందు లేదు. పాల డబ్బా పట్టుకుని నేను మువొయ్ అనేదాకా నన్ను వదల్లేదు. మర్నాడు ఆ రెండోవాడెవడని అడిగింది. ఆ మర్నాడు ఎన్ని చేపలు పడ్డాయని, తక్కువ చెబుతున్నావెందుకని. ఇలా పదేళ్ళు గడిచాయి. భాష వచ్చా అని ఎవరైనా అడిగితే మాత్రం రాదనే చెప్పేవాణ్ణి. అత్తకు జవాబు చెప్పుకోవడం వేరు, భాష రావడం వేరు అని నా లెక్క.

మా అమ్మకు భాష వచ్చు. చిన్నప్పుడు బడిలో అది మాట్లాడినందుకు తిన్న దెబ్బలు గుర్తుండి, మాతో అందులో ఒక్క ముక్క మాట్లాడలేదు. నా కూతురు ఇంగ మాత్రం భాషగూడులో పెరుగుతోంది. అక్కడ చిన్నపిల్లలతో పెద్దవాళ్ళు పొద్దస్తమానం మా భాషే మాట్లాడతారు. మూడేళ్ళ పిల్ల నిద్రలో కూడా సామీలోనే పోట్లాడుతుంటే నాకు ఎంత గర్వమో చెప్పలేను.

పోయిన చలికాలం గూడులోని ఇద్దరు పెద్దల్లో ఒకామె ఊరు మారిపోయింది. నెలలోగా భాష వచ్చిన మరో మనిషి దొరక్కపోతే మూసేస్తామన్నారు. విషయం తేల్చడానికి ఒక ఆఫీసరమ్మ వచ్చింది, మా భాష చదువుకున్న మనిషే. గూడులో జరిగిన ఆ సమావేశంలో తల్లిదండ్రులమంతా, మూల కూర్చున్న అత్త వైపు చూశాం. ఎనభై రెండేళ్ళ దాన్ని ఇక్కడ కూర్చోబెట్టి అక్కడ నా ఇల్లు సోదా చేద్దామనా అని అడిగి, అత్త నా వైపు వేలు చూపించింది.

"వీడున్నాడుగా."

నాకు రాదన్నాను. ఇంగ గూడు పోతుందని తెలిసినా, అంతమంది ముందు తప్పు పలుకుతానేమోనని తల వంచుకున్నాను.

అత్త లేచి నిలబడింది. "పోయిన గురువారం నా వల ఎత్తుకుపోయింది వీడే," అంది సామీలో.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ గురువారం మువొయ్, అంటే నేనూ మా అన్నా, ఏ దీవి పక్కన మంచుకు ఎన్ని కన్నాలు వేశామో, ఎన్ని తెల్లచేపలు పడ్డాయో, స్నోస్కూటరు ఎక్కడ మొరాయించిందో, దాన్ని నేనేమని తిట్టానో, తిట్లతో సహా పావుగంటసేపు సామీలోనే అప్పజెప్పాను. ఊపిరి కోసం ఆగేసరికి ఆఫీసరమ్మ కాగితం మీద నా పేరు రాసుకుంటోంది.

ఉద్యోగం దొరికింది, గూడు నిలబడింది, నా కోపం మాత్రం చల్లారలేదు. మర్నాడు అత్త ఇంటికి వెళ్ళి, నలుగురిలో నన్ను దొంగను చేశావేమని అడిగాను.

"తీశావా?"

"లేదు."

"తీయడానికి నా దగ్గర వలుంటేగా. మీ మామయ్య పోయినప్పుడే అన్నీ ఇచ్చేశాను."

అత్త కాఫీ పోసింది.

"నేర్పుతా రండంటే మీ ఈడువాళ్ళు తలొంచుకుంటారురా. దొంగా అని చూడు, సిగ్గూ భయం ఎటు పోతాయో, మాట తన్నుకుంటూ వస్తుంది. ఇప్పటికి ఈ ఊళ్ళో పదకొండు మందిని దొంగల్ని చేశాను."

ఆమె మీద నాకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. చెయ్యి పట్టుకోబోతే, ఏం కాజేస్తాడో అన్నట్టు ఉంగరం వేలు వెనక్కి లాక్కుంది.

"ఇక మీ ఆవిడే మిగిలింది. రేపు కాఫీకి పంపు. నా వెండి చెంచా కనబడ్డం లేదు."

ఇంటికి వెళ్ళి, ఇల్మా అత్త కాఫీకి రమ్మందని మాత్రమే మా ఆవిడతో చెప్పాను.