గడ్డం ఎక్కడికీ పోదు

మా బావకు మా పేటలో అసలు పేరుతో పనిలేదు. అందరికీ ఆయన మెత్తచెయ్యి. గడ్డం గీయించుకోడానికి కుర్చీలో కూర్చున్నవాడు కునుకు తీసి లేచి, "ఇంకా మొదలెట్టలేదా?" అని అడగడం నేను కళ్లారా చూశాను. ఆయన సెలూను పక్కనే నా సైకిల్ షాపు. మధ్యలో ఒక చెక్కగోడ. అటు కత్తెర చప్పుడు ఇటు వినపడుతుంది, ఇటు నేను తిట్టే తిట్లు అటు వినపడతాయి. మా అక్కను చేసుకున్న పాపానికి నన్ను ఇన్నేళ్లుగా భరిస్తున్నానని ఆయన అంటాడు. భరించేది ఎవరో దేవుడికి తెలుసు.

ఆయనతో వచ్చిన చిక్కల్లా ఆ కత్తి. లోకమంతా బ్లేడు ముక్క మార్చి పారేసే కత్తులకు దిగినా ఆయన మాత్రం పాతకాలం మడత కత్తిని వదల్లేదు. పొద్దున షాపు తెరవగానే తోలు పట్టీ మీద దాన్ని అటూ ఇటూ తిప్పి నూరుతూ కూర్చుంటాడు. కుర్రాళ్లు బ్లేడు కావాలంటే, "ఎదురు షాపుకెళ్లండి నాన్నా" అని చల్లగా పంపేస్తాడు. "బ్లేడు కోస్తుందిరా, కత్తి గీస్తుంది" అంటాడు నాతో. వచ్చే బేరాన్ని కాలదన్నుకోవడానికి ఇదో సిద్ధాంతం.

కత్తులూ కత్తెరలూ పెట్టుకునే చెక్కపెట్టె ఒకటుంది. దాన్ని ఎవరి చేతికీ ఇవ్వడు. సాయంత్రం ఇంటికి తీసుకెళ్తాడు, పొద్దున మళ్లీ తెస్తాడు. నా సైకిలు వెనక కూర్చున్నా పెట్టె ఒళ్లోనే ఉండాలి. గుంతలో పడితే తను కిందపడతాడు గానీ పెట్టెను పడనివ్వడు.

ఆ పెట్టె వాళ్ల అన్నయ్యది. పని నేర్పింది కూడా ఆయనే. వణికే చేత్తో కత్తి పట్టుకున్న కుర్రాడికి మొహం అప్పగించేవాడు ఎవడుంటాడు? ఎవడూ ముందుకు రాకపోతే అన్నయ్య తనే కుర్చీలో కూర్చుని, "గీయరా, తెగితే తెగింది" అన్నాడట. తెగింది. ఎడమ దవడ కింద చిన్న గాటు పడి, అక్కడ మళ్లీ వెంట్రుక మొలవలేదు. తర్వాత అన్నయ్య దేశంకాని దేశంలో ఓడరేవులో పని చూసుకుని, పెట్టె తమ్ముడి చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. పెళ్లీ పెటాకులూ లేవు. ఎప్పుడైనా వస్తే ఇంటికి కూడా పోకుండా సామానుతో సహా వచ్చి కుర్చీలో కూలబడి గడ్డం చూపించేవాడు. అన్నదమ్ముల పలకరింపు అంతే. ఆ నురగ వెనక ఏం మాట్లాడుకునేవారో చెక్కగోడకు చెవి ఆనించినా నాకు వినపడేది కాదు.

మొన్న ఎండాకాలం ఆ ఓడరేవు నుంచి ఫోనొచ్చింది. అన్నయ్యతో పనిచేసే మనవాడొకడు, షెడ్డు మేస్త్రీ, చేశాడు. ఊపిరితిత్తులు పాడయ్యాయి, డాక్టర్లు చేతులెత్తేశారు, ఇక్కడికి తీసుకొద్దామంటే మనిషి ప్రయాణం తట్టుకోడు. తర్వాత ఫోను అన్నయ్యకిచ్చాడు. దగ్గులో దగ్గులా వినిపించింది ఆయన గొంతు.

"ఒరే, ఇక్కడ నర్సులు గడ్డం గీస్తుంటే పీకినట్టుందిరా. నువ్వొచ్చి ఒక్కసారి గియ్యి. ఆ తర్వాత ఏమైనా పర్లేదు."

బావ సరేనన్నాడు. పక్క పట్నానికే నన్ను తోడు తీసుకెళ్లే మనిషి, అన్నయ్య కోసం విమానం ఎక్కడానికి ఒప్పుకున్నాడు. మేస్త్రీ కాగితాలు ఒక్క మనిషికే చేయించగలిగాడు. రైలెక్కిస్తూ నేను చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను, పెట్టెను పెద్ద బ్యాగులో పెట్టమని. వింటేగా.

"పెద్ద బ్యాగులు విసిరేస్తారటరా. అంచు దెబ్బతింటే మళ్లీ పదును రాదు."

విమానాశ్రయంలో మనుషుల్ని తనిఖీ చేసే చోట పెట్టె తెరవమన్నారు. అక్కడున్న అమ్మాయి కత్తులు చూసి వెనక్కి జరిగిందట.

"ఇవి లోపలికి రావండీ. ఆయుధాలు."

"ఆయుధాలేంటమ్మా, గడ్డం గీసేవి."

"సామాను బ్యాగులో పెట్టాల్సింది. బయట మీవాళ్లెవరైనా ఉన్నారా, ఇచ్చి రండి."

ఎవరూ లేరు. పెద్ద బ్యాగు అప్పటికే వెళ్లిపోయింది. వెనక వరస పెరిగిపోతోంది, జనం విసుక్కుంటున్నారు. పొడుగు కత్తెరలూ మడత కత్తులూ ఒక ప్లాస్టిక్ డబ్బాలో పడ్డాయి. నురగ బ్రష్షూ, గిన్నే, పటిక ముక్కా తీసుకుపొమ్మన్నారు. ఖాళీ పెట్టె కూడా ఇచ్చేశారు. ఆయన నోట్లో నాలుక లేని మనిషి, తల ఊపి వచ్చేశాడు. నేనుంటే విమానాశ్రయం లేచిపోయేది. కత్తులు మాత్రం నాకూ దక్కేవి కావు, అది వేరే సంగతి.

ఆయన ఎక్కడికెళ్లినా ముందు మెడలే చూస్తాడు. ఎవడి జుట్టు ఎవడు కత్తిరించాడో, ఎక్కడ తొందరపడ్డాడో మెడ చెప్పేస్తుందంటాడు. విమానంలో అన్ని మెడలు వరసగా ఎదురుగా ఉన్నా ఒక్కటీ చూడబుద్ధి కాలేదట. మధ్యలో దిగి ఇంకో విమానం కోసం కాచుకున్న చోట, ఒళ్లో ఖాళీ పెట్టె పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన ఎవరో బిస్కెట్ ఇస్తే తీసుకుని చేతిలోనే నలిపేశాడు.

దిగిన ఊళ్లో బస. పనివాళ్ల గదుల్లోకి బయటివాళ్లను రానివ్వరని మేస్త్రీ ఆసుపత్రికి రెండు వీధుల అవతల ఒక హాస్టల్లో మంచం చెప్పి ఉంచాడు. 'సామాను పడేసి నేరుగా ఆసుపత్రికి రండి, సాయంత్రం దాకా చూడనిస్తారు' అని ముందే మెసేజ్ పెట్టాడు. తను డ్యూటీలో ఉన్నాడు. బావ ఫోను ఆ దేశంలో పనిచెయ్యదు, హాస్టల్ వైఫై ఉంటేనే మోగుతుంది.

హాస్టలంటే చదువుకునే పిల్లలదనుకున్నాడు బావ. తీరా చూస్తే గదినిండా ఒకదానిమీద ఒకటి ఇనుప మంచాలు, ప్రతి మంచానికీ ఒక తెర, ఒక చిన్న దీపం. తాళంచెవికి బదులు కార్డు. తడి తువ్వాళ్ల వాసన. మనిషంత బ్యాగులు వేసుకుని దేశాలు చూడ్డానికొచ్చిన కుర్రకారు. వాళ్ల మధ్య చేతిలో చెక్కపెట్టెతో అరవైకి దగ్గరపడ్డ మా బావ. పై మంచం ఆయనకొచ్చింది. జీవితమంతా నిలబడి పనిచేసిన కాళ్లు, నిచ్చెన రెండో మెట్టు మీదే మొరాయించాయి. జుట్టు ముడేసుకున్న ఒక కుర్రాడు చూసి, ఏమీ అడక్కుండా తన పక్క పైకి మార్చుకుని కింది మంచం ఇచ్చాడు.

కింద రిసెప్షన్ బల్లమీద ఒక బుట్ట ఉంది. టూత్‌బ్రష్‌లు, చెవుల్లో పెట్టుకునే దూది, ప్లాస్టిక్ రేజర్లు, ఎవరికి కావలసింది వాళ్లు తీసుకోవచ్చు. బల్ల దగ్గరి అమ్మాయి నవ్వుతూ బుట్ట ముందుకు తోసింది. బావ అందులోకి చూసి తల అడ్డంగా ఊపాడు. అప్పుడే నేను ఫోన్ చేశాను.

"బావా, చేరావా? అన్నయ్యను చూశావా?"

"లేదురా. కత్తులు పోయాయి."

సంగతంతా చెప్పాడు. నాకు ఒళ్లు మండింది.

"పోతే పోనీ! ముందెళ్లి మొహం చూపించు."

"ఉత్త చేతుల్తో ఎలా వెళ్లనురా? ఆయన అడిగింది అదొక్కటే కదా. ఇక్కడ సెలూన్లుంటాయి, ఒక కత్తి సంపాదించి వెళ్తా."

"గడ్డం ఎక్కడికీ పోదు బావా! నువ్వు ముందు వెళ్లు!"

"ఎంతసేపురా, ఇలా తెచ్చి అలా వెళ్లిపోతా" అని ఆయన బయటికి నడిచాడు. అక్కడితో వైఫై దాటిపోయాడు. నేనెంత మొత్తుకున్నా ఆ ఫోను మళ్లీ మోగలేదు.

భాష రాదు. అద్దాల తలుపు వెనక కుర్చీ కనిపించిన చోటల్లా ఆగి, చేత్తో గడ్డం గీస్తున్నట్టు చూపించాడు. మొదటి షాపువాడు మిషను చూపించాడు. తర్వాతి షాపులో బ్లేడు కత్తి. ఇంకో వీధిలో, మూలమీద, పాతకాలం షాపు ఒకటి దొరికింది. గోడకు తోలు పట్టీ వేలాడుతోంది. దాన్ని చూడగానే ప్రాణం లేచొచ్చిందట. ముసలి యజమాని ముందు మళ్లీ గీస్తున్నట్టు చూపించాడు. ఆ ముసలాయన అర్థమైందన్నట్టు నవ్వి, భుజం పట్టి కుర్చీలో కూర్చోబెట్టి మెడకు గుడ్డ చుట్టేశాడు.

లేచి రావచ్చు కదా అంటే, "నురగ పెట్టాక లేస్తే పనివాడికి అవమానంరా" అంటాడు. ఆ మర్యాదకు దండం పెట్టాలో, నెత్తి బాదుకోవాలో నాకిప్పటికీ తెలియదు. ఆ ముసలాయన హడావుడి లేకుండా వేడి గుడ్డ వేసి, నురగ పెట్టి, పైకీ కిందికీ గీసి, మళ్లీ నురగ పెట్టాడు. అచ్చం మా బావ చేసినట్టే చేశాడు. అన్నయ్య గడ్డం కోసం సముద్రాలు దాటి వెళ్లినవాడు నున్నగా గడ్డం గీయించుకుని కూర్చున్నాడు. అయ్యాక కత్తి చూపించి, అమ్మమని దండం పెట్టి అడిగాడు. ముసలాయన కత్తిని మడిచి గుండెకు ఆనించుకుని, ఇవ్వనని తల ఊపాడు. బావకు కోపం రాలేదు. తనైనా ఇచ్చేవాడు కాదు.

ఆసుపత్రికి చేరేసరికి గేటు మూసేశారు. కాపలావాడు రేపు పొద్దున్నే రమ్మని చేత్తో చూపించాడు. బావ హాస్టల్‌కి తిరిగొచ్చి, ఛార్జింగ్ అయిపోయి ఆగిపోయిన ఫోను సంగతి కూడా పట్టకుండా, చొక్కా విప్పకుండానే పడుకున్నాడు.

పొద్దున వెళ్తూ వెళ్తూ బుట్ట దగ్గర ఆగాడు. చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా అని ఒక ప్లాస్టిక్ రేజర్ తీసి జేబులో వేసుకున్నాడు.

వార్డు బయట బెంచీ మీద మేస్త్రీ తల పట్టుకుని కూర్చున్నాడు. బావను చూసి లేచి నిలబడ్డాడు.

"నిన్న రాలేదేంటండీ? సాయంత్రం దాకా మాట్లాడుతూనే ఉన్నారు. తమ్ముడొస్తున్నాడని నర్సును గడ్డం మీద చెయ్యి కూడా వెయ్యనివ్వలేదు. దిండ్లు ఎత్తు పెట్టించుకుని కూర్చున్నారండీ, మీకు వీలుగా ఉంటుందని. తెల్లారేలోపే..."

బావ లోపలికి వెళ్లాడు. అన్నయ్య మొహం నిండా తెల్లటి గడ్డం, వారాల తరబడి పెరిగింది. ఎడమ దవడ కింద మాత్రం ఆ చిన్న ఖాళీ. నర్సు గోరువెచ్చని నీళ్లిచ్చి తెర లాగి వెళ్లిపోయింది. బావ బ్రష్షు తడిపి గిన్నెలో నురగ చేశాడు. ఆ గడ్డం ఎటు పెరుగుతుందో, ఎక్కడ సుడి తిరుగుతుందో ఆయన చేతికి తెలుసు. ప్లాస్టిక్ రేజర్‌తోనే మొత్తం గీశాడు. పటిక రాశాడు. అద్దం చూపించడానికి చెయ్యి చాచి, అప్పుడు కూలబడి ఏడ్చాడు.

దహనం అక్కడే జరిగింది. ఆయన తిరిగొచ్చి చాన్నాళ్లు సెలూను తెరవలేదు. చెక్కగోడకు అవతల నిశ్శబ్దంగా ఉంటే ఇవతల నాకు పని సాగేది కాదు. ఒకరోజు పట్టుబట్టి నేనే తాళం తీయించి కుర్చీలో కూర్చుని, "గడ్డం గియ్యి బావా" అన్నాను. ఆయన నురగ పెట్టి, సొరుగులోంచి ఆ ప్లాస్టిక్ రేజర్ తీశాడు. చెంప మీదుగా ఒక్కసారి మెల్లగా లాగాడు. పట్టలేదు, గుచ్చుకోలేదు.

"నొప్పిగా ఉందా?" అన్నాడు.

"లేదు బావా."

రేజర్ నీళ్లలో ముంచి కడిగాడు.

"ఆయనకూ ఇంతే నున్నగా వచ్చిందిరా. ఒక్క గాటు పడలేదు" అన్నాడు. "ఈ రేజరు సరిగ్గా గీయకపోయుంటే ఎంత బాగుండేది బామ్మర్దీ."