ఎర్రచీటీకి కారణం

సాయంత్రం ఆరు దాటితే ఆ ఇంట్లో ఒక తంతు తప్పకుండా జరిగేది. ఆయన చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని, చొక్కా అయినా మార్చకుండా తిన్నగా వంటింట్లోకి వచ్చేవాడు. స్టవ్ ముందు వంగి, ఎడమ పొయ్యి నాబ్‌ని రెండు వేళ్లతో పట్టుకుని, చెవి దాని దగ్గర పెట్టి మెల్లగా తిప్పేవాడు.

"ఊఁ, చెప్పు. ఇవాళ ఎలా తిరిగింది?"

ఆమె కూర కలుపుతూనే చెప్పేది. ఆయన శ్రద్ధగా వినేవాడు.

ఇప్పుడూ ఆరవుతుంది, ఏడవుతుంది. అడిగేవాళ్లు లేరు. పొద్దున ఒక్కసారి, అదీ కుడి పొయ్యి మీదే, ఇంత వండుకుని రెండు పూటలకూ సరిపెట్టుకుంటోంది. పలకరించే దిక్కులేక ఒక్కోరోజు నోరు విప్పకుండానే పడుకుంటోంది.

ఆయనది గ్యాస్ స్టవ్‌లకు వాల్వులు చేసే ఫ్యాక్టరీలో చెకింగ్ పని. వాల్వ్ అంటే నాబ్ వెనక దాగి ఉండే ఇత్తడి ముక్క. గ్యాసుని వదిలేదీ, ఆపేదీ అదే. ఏ లాటు మీద, అంటే ఒక్కసారిగా తయారైన ఏ వాల్వుల మీద, అనుమానం వచ్చినా ఆయన దానికి ఎర్రచీటీ కట్టేవాడు. చీటీ ఉన్నంతకాలం ఆ పెట్టెలు గేటు దాటకూడదు. అందుకే అక్కడ ఆయన అసలు పేరు మరుగున పడిపోయి, అందరికీ ఎర్రచీటీగారై కూర్చున్నాడు.

ఏ కాగితంలోనూ లేని పరీక్ష ఇంకొకటుంది. ప్రతి కొత్త లాటులోంచి ఒక వాల్వ్ ఇంటికి తెచ్చి ఎడమ పొయ్యికి బిగించేవాడు. దాని మీద ఏడు రోజులు వంట చేయాలి. "మిషన్ దాన్ని పది సెకన్లు చూస్తుంది. నువ్వు రోజంతా దానితో కాపురం చేస్తావు" అనేవాడు.

ఆమె చదువు ఐదో తరగతితోనే ఆగిపోయింది. పెళ్లైన కొత్తలో "బిగుతుగా ఉంది", "వదులుగా ఉంది" అని మాత్రం చెప్పగలిగేది. పోనుపోను ఆమె వేళ్లకు చదువొచ్చింది. "ఇది ముందు మొరాయించి, తర్వాత లొంగుతోందండీ" అనేది. "అయితే నా చుట్టమే" అని ఆయన నవ్వేవాడు. పిల్లలు లేని ఆ ఇంట్లో ఇరవై ఆరేళ్ల కబుర్లు ఆ నాబ్ చుట్టూనే తిరిగాయి.

చివరిగా తెచ్చిన వాల్వ్ బిగించిన నాలుగో రోజున ఆమె, "ఇది సిమ్‌లో నిలవడం లేదు. పొయ్యి బాగా వేడెక్కాక దానంతటదే జారుతోంది" అంది. ఆయన ఆ సాయంత్రం నవ్వలేదు. మర్నాడు పొద్దున్నే వెళ్లి తొమ్మిది వందల వాల్వులకు ఎర్రచీటీ కట్టాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర గుండె పట్టుకుని కూలబడ్డాడు. మళ్లీ లేవలేదు.

రెండు నెలలు గడిచాక ఒక ఉదయం ఇద్దరు వచ్చి తలుపు తట్టారు. ఒకరు ఫ్యాక్టరీ మేనేజరు. కూర్చున్నా లేచినా గడియారం చూసుకునే మనిషి. రెండో మనిషి ఎర్రచీటీగారి స్థానంలో కొత్తగా చేరిన చెకింగ్ అమ్మాయి.

"వదినగారూ, మావాడు చీటీ కట్టాడే గానీ కారణం రాయలేదు. ఆ గడి ఖాళీ" అన్నాడు మేనేజరు. "అరవై రోజులు దాటితే మేమే తీసేయొచ్చని రూలు. ఇంట్లో ఏమైనా రాసుకున్నాడేమో అని ఒకసారి అడుగుదామని…"

"ఆయన ఇంట్లో ఏమీ రాసేవారు కాదండీ."

"అయితే ఆ ముక్కే ఇక్కడ రాసి సంతకం పెట్టేయండి. రేపు లారీ ఎక్కించేస్తాం. మిషన్ మీద మూడుసార్లు చూశాం, ఒక్కటీ లీకు లేదు."

ఆమె పెన్ను తీసుకుంది. సంతకం పెడితే వీళ్లు వెళ్లిపోతారు, ఇల్లు మళ్లీ నిశ్శబ్దంగా అయిపోతుంది. రేపో మాపో తొమ్మిది వందల వంటిళ్లలో ఎవరో ఒకావిడ పాలు సిమ్‌లో పెట్టి, బట్టలు ఆరేయడానికి వెళ్తుంది.

పెన్ను కింద పెట్టేసింది.

"కారణం నాకు తెలుసు" అంది. "నేనే చెప్పాను."

"మీరా? ఏంటి వదినగారూ, మావాడు ఇంట్లో కూడా ల్యాబ్ పెట్టాడా?"

"పెట్టారండీ. జీతం లేని ల్యాబు."

అమ్మాయి ఫక్కున నవ్వి, మేనేజరు వైపు చూసి నోరు మూసుకుంది.

"మీరు చల్లగా ఉన్నప్పుడు చూసుంటారు. అప్పుడది చాలా బుద్ధిమంతురాలు" అంది ఆమె.

"అవును పిన్నిగారూ, చల్లగానే చూశాం" అంది అమ్మాయి.

ఆమె వాళ్లని వంటింట్లోకి తీసుకెళ్లింది. ఏడు రోజుల్లో నాలుగే అయ్యాయి; మిగతా మూడూ అడిగే మనిషి లేక రెండు నెలలుగా ఆ నాబ్‌ని ముట్టుకోలేదు. ఇవాళ ముట్టుకుంది. గిన్నెడు నీళ్లు పెట్టి, మరిగాక సిమ్‌కి తిప్పి, చెయ్యి వెనక్కి తీసుకుంది. నాబ్ ఎక్కడుందో అమ్మాయి స్టవ్ రేకు మీద స్కెచ్ పెన్నుతో గీత గీసింది.

మేనేజరు పదిసార్లు గడియారం చూశాడు. "లారీ వాడికి ఏం చెప్పను?" అని గొణిగాడు. నాబ్ జరిగిన చోట అమ్మాయి రెండో గీత గీసింది. ఆ తర్వాత మూడోది. ఇరవై మూడో నిమిషంలో మంట ఒకసారి వణికి ఆరిపోయింది. గ్యాసు మాత్రం ఆగలేదు, సన్నగా వాసన. ఆమె చటుక్కున సిలిండర్ కట్టేసి కిటికీ తెరిచింది.

"గాలికి ఆరి ఉంటుంది" అన్నాడు మేనేజరు.

"కిటికీ ఇప్పుడే కదా సార్ తెరిచారు. అయినా గాలి మంటని ఆర్పుద్ది గానీ, నాబ్‌ని గీతలు దాటించదు కదా" అంది అమ్మాయి.

మేనేజరు వంగి మూడు గీతలూ చూశాడు. చాలాసేపు చూశాడు. "మా ఇంట్లో అమ్మాయి పాలు సిమ్‌లో పెట్టి ఫోనులో పడిపోతుంది" అన్నాడు, తనలో తనే. ఈసారి గడియారం చూడలేదు.

అమ్మాయి కాగితంలో కారణం రాసింది. పక్క గడిలో 'గుర్తించినవారు' అని ఉంది.

"మావాడి పేరు రాసెయ్" అన్నాడు మేనేజరు.

ఆమె ఆ ఖాళీ గడిని చూసింది. నలుగురూ చూసే కాగితంలో "మా ఆవిడ చెప్పింది" అని రాయడానికి మొహమాటపడి ఆయన కారణం వదిలేశాడా? ఏడు రోజులూ పూర్తయ్యాక రాద్దామనుకున్నాడా? ఎన్నిసార్లు అడిగినా ఇక చెప్పే మనిషి లేడు.

"ఇటివ్వమ్మా" అంది. పెద్ద పెద్ద అక్షరాలతో, ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ తన పేరు రాసింది.

అమ్మాయి స్పానర్‌తో వాల్వ్ విప్పి సంచిలో వేసుకుంది. "రేపొచ్చి కొత్తది బిగిస్తాను పిన్నిగారూ" అని చెప్పి మేనేజరు వెనకే మెట్లు దిగింది.

అడుగుల చప్పుడు వీధిలో కలిసిపోయేదాకా ఆమె గుమ్మంలో నిలబడింది. ఆ తర్వాత వంటింట్లోకి వచ్చింది. పొయ్యి చల్లారగానే స్టవ్ తుడవడం ఆమెకు ఊపిరి తీసుకోవడమంత అలవాటు. గుడ్డ తడిపింది, పిండింది. రేకు మీద వరసగా మూడు గీతలున్నాయి.

గుడ్డని అలాగే తీసుకెళ్లి దండెం మీద ఆరేసింది.