వసారా దాటిన పట్టాలు

మా పాపకు భయం నేర్పింది నేనే. ఆ మాట ముందే ఒప్పుకుంటే మిగతాది రాయడం తేలిక.

పోలీస్ యాక్షన్ జరిగిన ఏడు మేము మల్కాజ్‌గిరిలో ఉండేవాళ్లం. మా వారు కాజీపేటలో రైల్వే గుమాస్తా. నెలకు రెండుసార్లు వచ్చేవారు, ఆ వేసవి నుంచి అదీ తగ్గింది. ఇంట్లో నేను, నాలుగేళ్ల పాప, మా మామగారు. నేను గుంటూరు వైపు నుంచి కోడలుగా వచ్చినదాన్ని. బి.ఏ. చదివాను కాబట్టి పేపరు చదవకుండా ఉండలేను, చదివితే నిద్రపోలేను. రోజుకో వదంతి వచ్చేది. పాపేమో గేటు తీసి ఉంటే చాలు, వీధిలో ఉండేది. నేను పొయ్యి దగ్గర ఉన్నప్పుడు ఎటు పోతుందోనన్న బెంగతో ఒకరోజు, "బయట బూచి ఉంది, గడప దాటావంటే ఎత్తుకుపోతుంది" అన్నాను. ఆ పూట పాప కదల్లేదు. అందుకని మర్నాడూ అన్నాను. తర్వాత రోజూ అన్నాను.

మా మామగారు రైల్వేలో ముప్పై ఏళ్లు గ్యాంగు మేస్త్రీగా చేశారు. పట్టాలు సరిచూసుకుంటూ ఎండలో మైళ్లకు మైళ్లు నడిచిన మనిషి. కంటోన్మెంటులో ఒక ఇంగ్లీషు దొర కుటుంబం సామాను వేలం వేసి సీమకు వెళ్లిపోతుంటే, తాళంచెవి తిప్పితే నడిచే బొమ్మ ఇంజనూ రెండు పెట్టెలూ కొన్నారు. దాంతో వచ్చిన పట్టాలు తుప్పు పట్టి ఉన్నాయి. బిస్కట్ డబ్బాల రేకు సన్నగా కత్తిరించి, కర్రముక్కలకు గాట్లు పెట్టి అందులో నిలబెట్టి, పట్టాలు తానే చేసుకున్నారు. పెరట్లో జామచెట్టు చుట్టూ మట్టికట్ట పోసి, ఇటుకలతో వంతెన కట్టి, దాని మీద లైను వేశారు. వాన పడ్డప్పుడల్లా కట్ట కోసుకుపోయేది. ఆయన వానను తిట్టుకుంటూ, ఈసారి కంకర ఎక్కువ పోసి, మళ్లీ వేసేవారు.

పాప పెరట్లోకి కూడా రావడం మానేశాక, ఆయన లైనంతా పీకి ఇంట్లోకి తెచ్చారు. ముందుగదిలో మంచం కింద నుంచి బయలుదేరి, బియ్యం డబ్బా చుట్టూ తిరిగి, వంటింటి గుమ్మం దగ్గర ఆగేది. గదిలో చోటు తక్కువ కావడంతో మలుపులు బిగుతయ్యాయి, ఇంజను పడిపోయేది. మూడుసార్లు విప్పి మూడుసార్లు వేశారు. అతుకుల దగ్గర చక్రాలు తట్టుకుంటున్నాయని చివరికి ప్రతి అతుకునూ టంకం వేసి నునుపు చేశారు. విమానాల చప్పుడు వినబడిన ఆ కొద్ది రోజులూ పాప ఆ రైలు పక్కనే బోర్లా పడుకుని ఉంది. ఊళ్లో రైళ్లు ఆగిపోయినా మా మంచం కింద మాత్రం నడిచింది.

తర్వాత అంతా సద్దుమణిగింది. మా వారు క్షేమంగా వచ్చి మమ్మల్ని చూసుకుని వెళ్లారు. వీధిలో పిల్లలు మళ్లీ ఆటలకు దిగారు. మా పాప మాత్రం గడప దాటలేదు. ఆదివారం చర్చికి తీసుకువెళ్దామంటే నా భుజంలో మొహం దాచుకుని వణికేది. బూచి లేదమ్మా అంటే, "నీకు కనబడ్తలేదు, అది దాక్కుంది" అనేది. వచ్చే ఏడు బడికి వెళ్లాల్సిన పిల్ల. నా నోటితో నేనే పాడు చేసుకున్నానని కుమిలిపోయాను.

"జెర ఓపిక పట్టు బిడ్డా. రమ్మంటె రాదు. రైలు పోతె దాని ఎనక అదే పోతది" అన్నారు మామగారు.

ఆ రోజే గడప మీద చిన్న చెక్కవంతెన పెట్టి పట్టాలను వసారాలోకి దింపారు. మర్నాడు ఇంకో మూరెడు. పాప గడపకు ఇవతల కూర్చుని తాళంచెవి తిప్పి ఇంజన్ని వదిలేది, ఆయన అవతలి నుంచి తిప్పి పంపేవారు.

"తాతా, ఆడికి పోతె బూచి పట్టుకోదా?"

"ఏమో మరి. మీ అమ్మ బీఏ చదివింది గని బూచిని నేను సుత చూడలే, ఆమె సుత చూడలే."

నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. పది పన్నెండు రోజులకు లైను వసారా మెట్ల పక్క పోసిన మట్టివాలు దిగి పెరట్లో పడింది. పాప ఒక చేత్తో తలుపు పట్టుకుని నడుము దాకా బయటికి వంగి చూసేది. కాళ్లు మాత్రం లోపలే.

ఒకరోజు పొద్దున ఆయన పెరట్లో పన్నెండు అడుగుల పట్టా ఒకే ముక్కగా టంకం వేసి, చివర ఇటుక అడ్డం పెట్టి బిగించారు. వానలు వెళ్లిపోయి ఎండ చురుక్కుమంటున్న రోజులు. అన్నాలు తిని వచ్చాక పాప ఇంజన్ని వదిలింది. అది వసారా దాటింది, మెట్ల పక్క వాలు దిగింది, పెరటి మధ్యకు వెళ్లి దబ్బున పక్కకు పడిపోయింది. చూస్తే పట్టా పాములా మెలిక తిరిగి ఉంది.

మామగారు నుదురు కొట్టుకున్నారు. "సందు ఇడ్వలే. అతుకు అతుకుకి నడుమ సందు ఇడ్వకుంటె ఎండకు సాగి పట్టా వంగదా? ముప్పై ఏండ్లు మందికి చెప్పిన. ఇంట్ల ఏసినట్టే బయట సుత ఏసిన."

ఇద్దరం ఆ వంకరనే చూస్తున్నాం. తలెత్తేసరికి పాప పెరటి మధ్యలో ఉంది. ఇంజన్ని రెండు చేతులతో ఎత్తుకుని, "తాతా, దెబ్బ తాకలే. చక్రం తిరుగుతనే ఉంది" అంది.

అప్పుడు పాపకు తానెక్కడ నిలబడిందో తెలిసింది. జామచెట్టు వైపు చూసింది, గోడ వైపు చూసింది, నా వైపు చూసింది. పెదవి వణికింది. ఎత్తుకుని లోపలికి పరుగెత్తాలనిపించింది నాకు. మామగారు చెయ్యి అడ్డం పెట్టారు. నేను మెట్లు దిగి, పాప పక్కన ఎండలో మట్టి మీద కూర్చున్నాను.

"బూచి ఏదమ్మా?"

"లేదు. నేను అబద్ధం చెప్పాను."

"ఎందుకు?"

"నాకు భయమేసి."

పాప తాత వైపు తిరిగింది. "తాతా, అమ్మకు భయమైందంట" అని కేక వేసి, ఇంజన్ని తెచ్చి నా ఒళ్లో పెట్టింది. పట్టుకుంటే భయం పోతుందని అప్పగించినట్టు. నేను ఏడుస్తుంటే గౌనుతో నా ముక్కు తుడిచింది.

సాయంత్రం మామగారికి చాయ్ ఇస్తూ అడిగాను. "మామయ్యగారూ, మీరు కావాలనే సందు వదల్లేదు కదూ?"

ఆయనకు కోపం వచ్చింది. "కావాల్ననా? పట్టా మీద పెండ్లం లెక్క పానం పెట్టుకున్నోన్ని. గిసుంటి తప్పు కావాల్నని చేస్తానా? మా గ్యాంగోళ్లకు తెలిస్తె నా ఇజ్జత్ ఏమైతది? ఎవలికీ చెప్పకు."

చెప్పనని మాట ఇచ్చాను. ఇప్పుడు రాస్తున్నందుకు ఆయన మన్నించాలి. ఆ రాత్రి ప్రార్థనలో నా భర్త తిరిగి వచ్చినందుకు, ఇల్లు నిలిచినందుకు, మామగారు చేసిన ఆ తప్పుకు కూడా దేవునికి స్తోత్రం చెప్పాను. ఆయన ముప్పై ఏళ్ల పనిలో అంత మేలు చేసిన పని ఇంకొకటి ఉందని నేననుకోను.

మర్నాడు ఆయన పెరట్లో గొంతుక్కూర్చుని పట్టాను ఐదు ముక్కలుగా కోస్తుంటే, పాప ఎదురుగా కూర్చుని అతుకు అతుకులోనూ రేకుముక్క దూర్చి సందు సరిపోయిందో లేదో చూస్తూ ఉంది. "గింతేనా తాతా?" "ఇంకొంచెం." నేను పొయ్యి దగ్గర నుంచి రెండుసార్లు తొంగి చూశాను. మూడోసారి లేవబోయి, కూర కలుపుతూ అక్కడే కూర్చున్నాను.