పెద్దబాపు మూయనివ్వని గేర్‌బాక్స్

పెద్దబాపు పోయిన సంగతి నాకు ఆఫీసు ఫోనులో తెలిసింది. నాన్న ఎన్నడూ ఆఫీసుకు ఫోను చెయ్యడు కాబట్టి, ఆయన గొంతు వినగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "అన్న పోయిండు బిడ్డా. పొద్దుగాల చాయ్ తాగి గట్లనే గోడకు ఒరిగిండు" అన్నాడు. తాత పోయాక నాన్నను చదివించి, పెళ్ళి చేసింది ఆ అన్నే.

పదకొండు రోజులూ వచ్చినవాళ్ళందరూ మంచి మాటలే చెప్పారు. బస్సు డిపోలో ముప్ఫై ఏళ్ళు గేర్‌బాక్సులు విప్పిన మనిషి ఒక్క నట్టు కూడా ఇంటికి తేలేదని డిపోవాళ్ళు అన్నారు. నిజమే. నేను చెప్పబోయేది మాత్రం వాళ్ళకు తెలియదు. ఆయన నా బతుకులోంచి ఒక ఏడాది తీసుకున్నాడు. తీసుకున్నానని తానే చెప్పాడు. అది వదిలేసి తలచుకుంటే సగం మనిషినే తలచుకున్నట్టవుతుంది.

తొంభైల చివర్లో నేను బి.ఎస్సీ పాసై హుస్సేనీ ఆలంలో మా ఇంట్లో కూర్చున్నాను. కిటికీ తెరిస్తే మూడడుగుల సందు, దాని తర్వాత ఎదురింటి గోడ. ఆ గోడకు ఎక్కడెక్కడ పెచ్చులూడాయో నాకు కంఠతా వచ్చు. నేను ఇంటర్లో ఉండగా ఒకసారి లొల్లి జరిగి కర్ఫ్యూ పెడితే నాన్న మూడు రోజులు మూసీ నది అవతల ఇరుక్కుపోయాడు. ఆయన ఎలా ఉన్నాడో మాకు తెలియదు, మేం ఎలా ఉన్నామో ఆయనకు తెలియదు. అప్పటినుంచి ఆయన కాయిదా ఒకటే: ఆడపిల్ల ఒక్క బస్సులో పోయి రాగలిగినంత దూరమే పోవాలి. రెండు బస్సులు మారాల్సి వస్తే అది పరదేశం కింద లెక్క. డిగ్రీ కాలేజీకి ఒక్క బస్సే. ఆ కాలేజీ అయిపోయింది.

ఆ ఎండాకాలంలోనే పెద్దబాపు జుమేరాత్ బజారు పాతసామాన్ల సంత నుంచి ఒక పాత మోటార్‌సైకిలు తోయించుకొచ్చాడు. అప్పటికి ఆయన రిటైరై రెండేళ్ళు. పెద్దమ్మ ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. కింది గదిలో ఆయన ఒక్కడే, పైన మేము. రెండో గేరు వేసి కాస్త రేసిస్తే చాలు, గేరు దానంతటదే ఊడిపోతుందట ఆ బండికి. "గాడీ జిందా హై బడే భాయ్, ఖాలీ గేర్‌బాక్స్ రూఠా హై" అన్నాడట అమ్మినవాడు. బండి బతికే ఉంది, గేర్‌బాక్సే అలిగింది. ఆ మాట పెద్దబాపుకు ఎంత నచ్చిందో, నెల రోజుల పాటు గుమ్మంలోకి వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వాడు. నడుపుతావా అని నేనడిగితే, "నడుపుడేంది? నాకు కండ్లు కానొస్తయా? అలక తీరుస్త" అన్నాడు.

కళ్ళు నిజంగానే కనిపించేవి కావు. రెండింటికీ మోతిబిందు, అంటే శుక్లాలు. షుగరు తగ్గితే గానీ ఆపరేషను కుదరదన్నారు డాక్టర్లు. ఒక మధ్యాహ్నం కింద ఏదో పడిన చప్పుడు, ఆ తర్వాత చాలాసేపు అరచేతులతో నేల తడుముతున్న చప్పుడు వినిపించింది. దిగి చూస్తే గది మధ్యలో పాత దుప్పటి మీద విప్పిన గేర్‌బాక్సు, మంచం కింద సగం దూరిన పెద్దబాపు. రూపాయి బిళ్ళంత వాషరు ఒకటి జారిపోయింది. అది గుమ్మం దగ్గరే పడి ఉంది, తీసిచ్చాను. తీసుకుని, "కూసో" అన్నాడు. అలా కూర్చున్నదాన్ని ఏడాది దాకా లేవలేదు.

ఆయనకొక పద్ధతి ఉండేది. షాఫ్టు మీంచి ఏది తీసినా, గేరు గానీ వాషరు గానీ, తీసిన వరుసలోనే ఒక ఇనుప తీగకు గుచ్చాలి. పూలు గుచ్చినట్టే. మళ్ళీ ఎక్కించేటప్పుడు తీగ మీంచి ఒక్కొక్కటే వెనక్కి తీసుకోవాలి. మధ్యలో ఆ తీగను ఎవరూ ముట్టకూడదు. "మనిషి మరుస్తడు, తీగ మరువది" అనేవాడు. నేను గిన్నెలో కిరోసిన్ పోసి పాత టూత్‌బ్రష్షుతో గేరు పళ్ళు తోముతుంటే అమ్మ మెట్ల మీంచి తొంగిచూసి, బి.ఎస్సీ చదివింది ఈ బోళ్ళు తోమడానికేనా, ఇంట్లో అంట్లు కూడా ఇంత శ్రద్ధగా తోమితే బాగుండు అని దెప్పేది.

"కండ్లు మూసుకో. నాకెట్ల కానొస్తదో నీకు గట్లనే కానరావాలె" అని ఒకరోజు రెండో గేరు నా చేతిలో పెట్టాడు. పక్క గేరును పట్టుకోవాల్సిన దిమ్మల అంచులు అరిగి సబ్బుముక్కల్లా నున్నగా అయ్యాయి. పట్టు తప్పుతున్నది అక్కడే. మూడేళ్ళు ఘర్షణ గురించి చదివి మార్కులు తెచ్చుకున్నాను గానీ, అది నా వేలికి తగిలింది ఆ రోజే. ఏ బోల్టయినా రాకపోతే నేను పళ్ళు బిగించి తిప్పేదాన్ని. "బలం పెట్టకు బిడ్డా. బలం పెట్టాల్సొచ్చిందంటే యాడనో తప్పు కూసుందన్నట్టు" అనేవాడు. చాయ్ వస్తే గుడ్డ ముందు నాకిచ్చి, నేను చేతులు తుడుచుకున్నాకే తను తుడుచుకునేవాడు. కప్పు నాకు, సాసరు ఆయనకు.

వానాకాలం మొదట్లో నాకు ఎం.ఎస్సీ సీటు వచ్చింది. యూనివర్సిటీకి రెండు బస్సులు. చేరడానికి పది రోజుల గడువు. నాన్న ఔననలేదు, కాదనలేదు. ఆయన మాట వినేది ఒక్క పెద్దబాపుదే కాబట్టి, కిందికి దిగి, నా తరఫున ఒక్క మాట చెప్పమని బతిమాలాను. ఆయన షాఫ్టు తుడుస్తూ తల ఊపాడు. పది రోజులూ గడిచాయి. పదకొండో రోజు, వచ్చే ఏడు చూద్దాంలే అన్నాడు నాన్న. ఆ రోజు నుంచి నేను నాన్నతో మాట్లాడటం మానేశాను. ఆయనకు అన్నం వడ్డించి మొహం తిప్పుకునేదాన్ని. నా కోపమంతా కింది గదిలో కిరోసిన్‌తో కడుక్కునేదాన్ని. ఆ గదికి కిటికీ కూడా లేదు. అయినా ఇంట్లో నాకు ఊపిరాడే చోటు అదొక్కటే.

అరగని రెండో గేరు పాతసామాన్ల దుకాణాల్లో దొరికేసరికి చలికాలం వచ్చింది. అన్నీ ఎక్కించి మూత బిగించాం. షాఫ్టు తిరగలేదు. విప్పి, కడిగి, మళ్ళీ మూశాం. మళ్ళీ బిగుసుకుంది. నా చేతే చెడ్డదనుకుని ఏడ్చాను. మూడోసారి విప్పినప్పుడు, మొట్టమొదట తీగకు గుచ్చిన వరుసను నోటుబుక్కులో రాసుకున్న సంగతి గుర్తొచ్చింది. ఏ వాషరు మందం, ఏది పల్చన అన్నది కూడా అందులో ఉంది. మర్నాడు మూసేముందు సరిచూస్తే తీగ మీద రెండు వాషర్లు తారుమారై ఉన్నాయి. పల్చటిది ఉండాల్సిన చోట మందపుది. అక్కడ మందపుది పడితే మూత బిగించగానే షాఫ్టు ఒత్తుకుపోతుంది.

ఈ తీగ ఎవరు ముట్టుకున్నారని అడిగాను. ఆయన గుడ్డతో వేళ్ళు తుడుచుకున్నాడు.

"నేనే మార్చిన. బాక్సు మూస్తే నువ్వు పైకి పోతవ్. మల్ల ఈ అర్రల నేనొక్కన్నే."

ముప్ఫై ఏళ్ళు గేర్‌బాక్సులు బాగుచేసిన మనిషి, కావాలనే చెడగొట్టాడు. నేనింకా ఆ మాటే మింగుతున్నాను, ఆయన ఆగలేదు.

"గంతే గాదు బిడ్డా. నీ సీటప్పుడు మీ బాపు నన్నడిగిండు. పోనియ్యి అంటే పోనిచ్చెటోడే. నేనే వద్దన్న."

కిరోసిన్ చేతులతోనే మెట్లెక్కి పైకి వచ్చేశాను. ఆరు నెలలు నేను మాట్లాడకుండా శిక్షించింది వేరే మనిషిని. రెండు వారాలు కిందికి దిగలేదు. కింద చప్పుడే లేదు. పైన గోడ, పెచ్చులు, నేను. ఆ తర్వాత దిగినా చాయ్ ఇచ్చి వచ్చేసేదాన్ని, బాక్సును ముట్టలేదు.

ఎండలు ముదిరాక ఒక ఉదయం పెద్దబాపు ఇంట్లో లేడు. నాన్న సందు సందూ వెతికాడు. సాయంత్రం నాలుగింటికి ఆయనే వచ్చాడు. జేబు చిరిగింది, ఒక మోకాలు చెక్కుకుపోయింది, చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో ఆ ఏడు ఎం.ఎస్సీ దరఖాస్తు ఫారం.

"రెండు బస్సులు మారాలె అంటివి గదరా. కండ్లు లేనోన్ని, నేను మారిన. పోయిన, వచ్చిన. ఇగ చెప్పు" అన్నాడు నాన్నతో. పోయినసారి వద్దన్నది పిల్ల కోసం కాదు, తన కోసమని అందరి ముందూ చెప్పాడు. నాన్న ఆయన మొహం చూడలేదు. మోకాలే చూస్తూ ఉన్నాడు. టించరు తెమ్మని అమ్మకు చెప్పి, తనే కింద కూర్చుని అద్దాడు. ఫారం మీద మర్నాడు సంతకం పెట్టాడు.

గేర్‌బాక్సును అరగంటలో మూసేశాం. రెండో గేరు నిలబడింది. బండిని మా పాలవాడు కొనుక్కుపోయాడు. ఆపరేషను తర్వాత పెద్దబాపుకు ఒక కన్ను కొంచెం కనిపించింది. ఆ ఏడాదిని మాఫ్ చేశావా అని ఆయన ఎన్నడూ అడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పుడు అడిగినా ఏం చెప్పాలో నాకు తెలియదు. ఈ రోజు నేను ఏ యంత్రం ముందు కూర్చున్నా తొందరపడకుండా చూడగలుగుతున్నానంటే అది ఆయన పెట్టిన చెయ్యే. అది మాత్రం తెలుసు.

యూనివర్సిటీకి మొదటి రోజు ఆయనే నన్ను బస్సు స్టాపు దాకా తీసుకొచ్చాడు. నా భుజం పట్టుకుని నడిచాడు కాబట్టి, తీసుకొచ్చింది నేనే అనాలేమో. నేను ఎక్కి వెనక కిటికీ దగ్గర కూర్చున్నాను. బస్సు కదిలింది. ఆయన చెయ్యి ఊపలేదు. రోడ్డు అంచున నిలబడి, తల పక్కకు వంచి, చెవిని బస్సు వైపు పెట్టాడు. ఒకటో గేరు. రెండు. ఆటోలు, స్కూటర్లు ఆయన్ను తప్పించుకుని పోతున్నాయి, ఎవరో తిడుతున్నారు కూడా. మూడు. ఆయన కదలలేదు. నాలుగో గేరు పడేసరికి తెల్ల చొక్కా ఒక్కటే కనిపిస్తోంది, అది ఇంకా అక్కడే ఉంది.