తూర్పు గోడకు గ్రానైట్ వద్దన్న రోజు

నలభై ఏళ్ళ కిందట, మదనపల్లె దగ్గర ఒక పల్లెలో, పాత చర్చి గోడ ముందు నిలబడి ఒక కాంట్రాక్టరు నాకు మాట ఇచ్చాడు. డంగుసున్నంతోనే మరమ్మతు చేస్తాననీ, సిమెంటు బస్తా గేటు దాటి లోపలికి రాదనీ అన్నాడు. నేనప్పుడు ప్రభుత్వ కార్యాలయంలో నక్షలు గీసే ఉద్యోగం చేసేవాణ్ణి. ఆదివారాలన్నీ పోగొట్టుకుని ఆ చర్చిని అంగుళం అంగుళం కొలిచి, ఎనిమిది పెద్ద షీట్లలో గీసి అతని చేతికిచ్చాను. నెల తర్వాత వెళ్ళి చూస్తే గోడలన్నీ సిమెంటు. అడిగితే నవ్వి, "జనానికి గట్టిగా కనిపించాల గదా సార్" అన్నాడు. నా షీట్లు కూడా తిరిగి ఇవ్వలేదు.

ఇన్నాళ్ళకు మళ్ళీ బయలుదేరడానికి కారణం ఒక బ్లాగు. యూరప్ పల్లెల్లో వారం రోజులు తిరిగొచ్చిన ఒక తెలుగాయన అక్కడి చర్చిల ముందు నిలబడి నలభై ఫోటోలు దిగి, కింద ఇలా రాశాడు: "మన దగ్గర ఇలాంటివి ఎక్కడున్నాయి?" ఉన్నాయి నాయనా. మదనపల్లెలో బస్సెక్కితే సాయంత్రంలోగా చూడవచ్చు. వీసా అక్కర్లేదు, కళ్ళుంటే చాలు. ఒక మాట ముందే చెప్పాలి. నేను క్రైస్తవుణ్ణి కాను. నేను వెళ్ళేది గోడల కోసం. పల్లెల పేర్లు కావాలనే రాయడం లేదు. రాస్తే అక్కడివాళ్ళ మీద పడి తిట్టేవాళ్ళుంటారు, ఆ తిట్లు తినవలసింది వాళ్ళు కాదు.

శనివారం ఉదయం ఆరున్నరకు మదనపల్లెలో బస్సెక్కాను. టమోటా లారీల వెనక నత్తనడక నడిచి, పుంగనూరు చేరేసరికి ఎనిమిదైంది. అక్కణ్ణించి ఆటోలో రానూపోనూ మూడు వందలు మాట్లాడుకుని మొదటి చర్చికి వెళ్ళాను. చిన్నది, వందమంది పడతారు. కట్టించిన తెల్లదొర తన ఊరి చర్చిని తలుచుకుని గీసుకున్నాడని చూడగానే తెలుస్తుంది. వాళ్ళ పల్లెల్లో ద్వారం పడమటికి, బలిపీఠం తూర్పుకు ఉంటాయి, పొద్దున ప్రార్థన వేళకు వెలుగు బలిపీఠం వెనక కిటికీలోంచి వచ్చి పడాలని. ఇక్కడా అంతే. అక్కడ రాతి కప్పు బరువు గోడల్ని బయటికి తోస్తుంది కాబట్టి బయట ఆనింపు గోడలు కట్టారు. ఇక్కడ కప్పు దూలాలూ పెంకులే, తోసేదేమీ లేదు. అయినా దొర ఆనింపు గోడలు కట్టించాడు, అవి లేకుండా చర్చిని ఊహించుకోలేకపోయాడు పాపం. కప్పు వాలు కూడా మంచు జారిపోవడానికి వేసే వాలే. పుంగనూరులో జారేది చింతాకు.

వాళ్ళ చర్చి ఆవరణ గేటుకు పైన చిన్న కప్పు ఉంటుంది. శవపేటికను దాని నీడన దించి, పాస్టరు కోసం కాసేపు ఆగుతారు. మన జిల్లాలో అలాంటి గేటు నేను ఎరిగినంతలో ఇదొక్కటే. ఇప్పుడు దాని కింద రెండు స్కూటర్లు, ఒక నీళ్ళ డ్రమ్ము ఉన్నాయి. లోపల గోడలకు నిలువెత్తున స్నానాల గదికి వేసే పలకలు అంటించారు. ఆటో డ్రైవరు మునెప్ప నా ముఖం చూసి, "బాగా మెరస్తాండాది గదా సార్" అన్నాడు. మెరుస్తోందనే నా ఏడుపు అన్నాను.

పలమనేరులో బస్సు మారి, స్టాండు పక్క హోటల్లో సంగటి తిని, వి.కోట మీదుగా కుప్పం చేరేసరికి ఒంటిగంటన్నర. అక్కడ ఇంకో ఆటో. రోడ్డుకు రెండు పక్కలా గ్రానైట్ పాలిషు షెడ్లు, తెల్లటి రాతి బురద. రెండున్నరకు నేను చేరిన పల్లెలో చర్చి ముందు లారీ నిలబడి ఉంది. నల్లటి పలకలు దింపుతున్నారు. ఒక్కో పలక మీద ఒక పేరు, కింద "జ్ఞాపకార్థం" అని బంగారు రంగులో చెక్కి ఉంది.

లోపల సుత్తుల చప్పుడు. గ్రానైట్ అంటించాలంటే పాత గారను చెక్కి గుంటలు చేయాలి, లేకపోతే సిమెంటు పట్టదు. ఉత్తరపు గోడ, దక్షిణపు గోడ అప్పటికే అయిపోయాయి. మశూచి వచ్చిన ముఖాల్లా ఉన్నాయి. తూర్పు గోడ మాత్రం మిగిలింది. మూడు సన్నటి కిటికీలు, మధ్యది పొడుగు, మూడింటి పైనా కోసుగా కలిసే కమాను. వాటి చుట్టూ డంగుసున్నపు గార, పాలమీగడలా. చెయ్యి వేస్తే చల్లగా ఉంది. మేస్త్రీ టీ తాగి వచ్చి ఆ గోడ మొదలుపెడతానన్నాడు. నేను వెళ్ళి గోడకు ఆనుకుని నిలబడ్డాను. డెబ్బై ఆరేళ్ళ ముసలివాణ్ణి లాగెయ్యడానికి మొహమాటపడి అతను మార్తమ్మను పిలిపించాడు.

మార్తమ్మ ఆ సంఘానికి పెద్ద. నర్సుగా చేసి రిటైరైంది, అరవై దాటి ఉంటాయి. వచ్చీరాగానే, నేను ఎవరు, ఏ సంఘం, ఎవరు పంపారు అని వరసగా అడిగింది. ఎవరూ పంపలేదని, ఈ గోడ నూరేళ్ళు దాటినదని, చెక్కితే మళ్ళీ రాదని చెప్పాను. యూరప్ పల్లెల్లో ఇలాంటి గోడల్ని ఎంత జాగ్రత్తగా చూసుకుంటారో కూడా చెప్పాను. అక్కడే దొరికిపోయాను.

"ఆడ గుడి గోడలకు పేర్లుండవా అప్పా?" అంది.

అబద్ధం చెప్పలేను. ఉంటాయన్నాను. భూస్వాములవి, వాళ్ళ భార్యలవి, యుద్ధంలో పోయిన కొడుకులవి. పాలరాతి పలకల మీద, గోడ పొడుగునా.

"వాళ్ళు పెట్టుకుంటే సరిత్ర. మేం పెట్టుకుంటే పాడు సేసేదా?"

ఆమె నన్ను ద్వారం పక్కకు తీసుకెళ్ళింది. ఈ చర్చి కట్టించిన దొర పేరు, ఆయన భార్య పేరు చెక్కిన పాలరాయి అక్కడ గోడలో ఉంది. "మా అవ్వ గానుగలో సున్నం నూరింది ఈ గోడకే. కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు మోసింది. దొర పేరు ఈడుండాది. మోసినోళ్ళ పేరు యాడుండాది, సూపియ్యి" అంది. గొంతు పెంచలేదు. ఇప్పుడు పిల్లలకు ఉద్యోగాలున్నాయి, ఇంటికొక పలక ఇచ్చుకోగలమని కూడా చెప్పింది.

మీ అవ్వ నూరిన సున్నాన్నే సుత్తితో రాలగొడుతున్నారమ్మా అన్నాను. ఆమె గ్రానైట్ పేర్ల కోసం మాత్రమే కాదని, గోడలు కింద భుజం ఎత్తు వరకూ ఉప్పు పూసి, కూర్చున్నవాళ్ళ చీరల మీద పొడి రాలుతోందని అంది. వంగి చూశాను. తూర్పు గోడ తప్ప అన్నిటికీ కింద నాలుగున్నర అడుగులు సిమెంటు. చెమ్మ బయటికి పోయే దారి లేక లోపలే కుళ్ళింది. ఎవరు పూశారని అడిగాను.

"నేను కొత్తగా ఉద్యోగంలో సేరినప్పుడు మదనపల్లె నించి ఒక కాంట్రాక్టరు వచ్చినాడు. పెద్ద పెద్ద కాగితాలు పరిసి సూపించినాడు. కిటికీలు, దూలాలు, అన్నీ కొలతేసి గీసుండె. ఇంత నేర్సినోడు తప్పు సేస్తాడా అనుకొంటిమి" అంది.

ఎన్ని కాగితాలు అని అడిగాను. ఏడో ఎనిమిదో అంది. నేను బల్ల మీద కూర్చున్నాను. మేస్త్రీ నీళ్ళు తెచ్చిచ్చాడు. నా గీతల్ని నమ్మి ఆ ఊళ్ళో సిమెంటు పూయించుకున్నారు. ఇంకెన్ని ఊళ్ళలో పూయించుకున్నారో నాకు తెలియదు. ఆ షీట్లు నావేనని మార్తమ్మకు చెప్పాను. తిడుతుందనుకున్నాను. "నీదీ నూరిన సున్నమే, వాడి పేరుతో పోయిండాది" అంది.

చివరికి ఆమె ఒప్పుకున్నది ఇంత: తూర్పు గోడ జోలికి రారు. ఆ గోడకని తెచ్చిన పలకలు ద్వారం బయట తిన్నె మీద పరుస్తారు. దొర పాలరాతి కింద ఒకే రాయి, గార చెక్కకుండా నాలుగు మేకుల మీద నిలిచేలా, మోసినవాళ్ళ పేర్లతో పెడతారు. పక్క గోడలు పోయినట్టే. పేర్లు నన్నే రాసుకోమంది. తొమ్మిది చెప్పి, తన అవ్వ దగ్గర ఆగింది. పుట్టినప్పుడు సుబ్బి, దొర నీళ్ళు చల్లి పెట్టింది సూసన్న. ఏది రాయాలని నన్నే అడిగింది. ఆమెను ఇంట్లో ఏమని పిలిచేవారని అడిగాను. "సుబ్బవ్వ" అంది. అదే రాశాను.

ఈ చర్చిలు యూరప్ చర్చిలకు నకళ్ళని రాసేవాళ్ళు గోడ దగ్గరికి వెళ్ళనివాళ్ళు. గీత దొరది, సున్నం సుబ్బవ్వది. పేరు కోసం పలక పెట్టుకునే మార్తమ్మ మీద నాకు కోపం లేదు, ఆమె అడిగినది న్యాయం. వెళ్ళదలచినవాళ్ళకు ఒక్క సలహా: శనివారమే వెళ్ళండి. మామూలు రోజుల్లో ఈ చర్చిలకు తాళం ఉంటుంది, శనివారం ఊడ్చడానికి ఆడవాళ్ళు తలుపులు తీస్తారు. ఉదయం పదిలోపు చేరితే తూర్పు కిటికీల వెలుగు చూడవచ్చు, అంటే ముందు రోజు రాత్రి కుప్పంలో బస చేయాలి.

ఆ కాంట్రాక్టరు పోయి ఏడేళ్ళయింది. పోయినవాళ్ళను ఏమీ అనకూడదని మా ఇంట్లో వాళ్ళు అంటారు. ఆ రెండు గోడలు చూసొచ్చాక నేను ఊరుకోలేను. వాటిని చెక్కింది మేస్త్రీ సుత్తి కాదు, చెక్కించింది మార్తమ్మా కాదు. ఆ కాంట్రాక్టరు, జయరాజు.