గ్యాస్ పట్టని బీరు

పిల్లలూ, వనపర్తిలో మా అన్న ఇంట్లోనే బీరు తయారు చేసేవాడు. చల్లగా దాచే వసతి లేదు. చిన్న స్టీలు పీపాలో నింపి, కాస్త బెల్లం నీళ్లు కలిపి, మూత బిగించి, తడి గోనెసంచి చుట్టేవాడు. లోపల గ్యాస్ పట్టడానికి రెండు వారాలు. ఎవరు అడిగినా పీపా మీద అరచెయ్యి ఆనించి, "జర ఆగు" అనేవాడు.

ఓ ఎండాకాలం, ఆయన దోస్తు ఒకడు జబ్బుపడి ఉండి కూడా గద్వాల నుంచి వచ్చాడు.

"మళ్ళ వస్తనో రానో, ఒక్క గిలాస పోయరా."

"ఇంకా చప్పగున్నది. వారం ఆగు, నురుగు సూస్తవ్."

"నీ నురుగు పాడుగాను!" అని నవ్వుతూ దోస్తు బస్సెక్కాడు. ఐదో రోజున చనిపోయాడు.

ఆ తర్వాత ఎవరు వచ్చినా, మూత బిగించిన మర్నాడే అయినా, అన్న గ్లాసు నింపి ఇచ్చేవాడు.

"గ్యాస్ పట్టనే లేదన్నా, చప్పగుంటది" అన్నాను ఒకసారి, వచ్చినాయన తాగి వెళ్ళాక.

"చప్పగుంటే ఏందమ్మా, తాగిండు గద."